కారు ఇంజను ఇంట్లో విప్పితే

ఇంజను ‘బోరుకొచ్చింది’ అంటే సిలిండరు గోడలు, పిస్టన్ రింగులు అరిగి వాటి మధ్య సందు పెరిగిందని అర్థం. ఆ సందులోంచి పైన మండే వాయువు కిందికి జారుతుంది, కిందున్న ఆయిలు పైకి ఎక్కుతుంది. వాయువు జారినంత మేరా బలం తగ్గుతుంది. ఎక్కిన ఆయిలు మండి, సైలెన్సరు వెంట నీలిపొగై బయటికొస్తుంది. అరిగినదాన్ని కొలిచి, కోయించాల్సింది కోయించి, మార్చాల్సింది మార్చి, ప్రతి సందునూ కంపెనీ పెట్టిన కొలతకు తిరిగి తేవడమే ఇంజను రీబిల్డ్. షెడ్డు భాషలో హెడ్డు, పిస్టన్ల దగ్గర ఆగితే ‘హాఫ్ ఇంజను’, క్రాంకు షాఫ్టు దాకా వెళితే ‘ఫుల్ ఇంజను’.

ఇందులో విప్పడం, కడగడం, కొలవడం, బిగించడం ఇంటి దగ్గర చేసుకోవచ్చు. లోహాన్ని కోసే పని మాత్రం ఇంట్లో కాదు, దానికి లేత్ షాపు ఉండాలి. ఈ గీత ఎక్కడుందో ముందే తెలిసినవాడి ఇంజను మళ్లీ రోడ్డెక్కుతుంది. తెలియనివాడిది గోనెసంచుల్లో ముక్కలుగా మిగిలిపోతుంది.

ఇలాంటి పనికి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి అనువైన ఊరు. దల్లీరాజహరా ఇనుప ఖనిజాన్నీ, నందిని సున్నపురాయినీ నమ్ముకుని సోవియట్ సాయంతో అక్కడ ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పని వెతుక్కుంటూ వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా అక్కడే స్థిరపడ్డాయి. సెక్టార్ 5 బాలాజీ గుడి వాళ్లందరూ కలిసే చోటు. కోస్తాలో మేస్త్రీ అంటే గోడ కట్టేవాడు, భిలాయిలో మిస్త్రీ అంటే కారు విప్పేవాడు కూడా. ఫిట్టరో, టర్నరో, మెషినిస్టో లేని వీధి కోసం టౌన్‌షిప్పులో వెతకాల్సిందే. ప్లాంటు చుట్టూ పుట్టిన చిన్న ఇంజనీరింగ్ యూనిట్లు నందినీ రోడ్డు పారిశ్రామిక వాడలో ఉన్నాయి. కాబట్టి మైక్రోమీటరు పట్టుకోవడం వచ్చిన చెయ్యి, లేత్ ఉన్న షెడ్డు రెండూ అందుబాటులోనే ఉంటాయి. ఇక కావలసింది క్వార్టరు ముందు ఓ రేకుల షెడ్డు, కొన్ని వారాల సెలవు రోజులు.

కొలతల విషయంలో భిలాయి దేశం కంటే ఒకడుగు ముందే ఉంది. మన దేశంలో మెట్రిక్ పద్ధతి 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చింది. సోవియట్ ఇంజనీర్లు తెచ్చిన డ్రాయింగులు అప్పటికే మిల్లీమీటర్లలో ఉన్నాయి. అదే రోజుల్లో రోడ్డెక్కిన అంబాసడర్ మాత్రం బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ వారసత్వం కాబట్టి నట్లూ బోల్టులతో సహా ఇంచీల బండి. దాని పానాలు వేరు, ఇటలీ ఫియట్ నుంచి వచ్చిన పద్మినికీ జపాన్ సుజుకీ నుంచి వచ్చిన మారుతికీ పనికొచ్చే పానాలు వేరు. లేత్ షాపుల్లో నేటికీ రెండు భాషలూ నడుస్తాయి. పాత మిస్త్రీ ‘ఇరవై సైజు’ అంటే ఇంచీలో వెయ్యోవంతులు, అంటే ‘థౌ’లు, ఇరవై అని. కుర్ర మిస్త్రీ ‘పాయింట్ ఫైవ్’ అంటే అర మిల్లీమీటరు. ఒక థౌ అంటే 0.0254 మిల్లీమీటర్లు కనుక ఈ రెండు సైజులూ దగ్గరదగ్గరగా ఉంటాయి, కానీ ఒకటి కావు. ఏ భాషలో కోయమంటున్నారో కాగితం మీద రాసివ్వకపోతే పిస్టన్లు ఒక కొలత, బోరు మరో కొలత అయ్యే ప్రమాదం ఉంది.

మొదటిసారి చేసేవారికి మారుతి 800 కంటే మంచి పాఠ్యపుస్తకం లేదు. 1983 డిసెంబరు నుంచి 2014 జనవరి దాకా తయారైన ఈ కారులో ఎక్కువ కాలం ఉన్నది ఎఫ్8బి అనే ఇంజను. మూడు సిలిండర్లు, ఒక్కో బోరు వ్యాసం 68.5 మిల్లీమీటర్లు, పిస్టను తిరిగే దూరం 72 మిల్లీమీటర్లు. గుణిస్తే 796 సీసీ వస్తుంది. బ్లాకు పోతినుము, హెడ్డు అల్యూమినియం. ఇంజను చిన్నది, విడిభాగాలు తేలిగ్గా దొరుకుతాయి, తప్పు చేసినా నష్టం తక్కువ.

విప్పే ముందు అసలు విప్పాలా అన్నది తేల్చుకోవాలి. పొగ రంగు కొంత చెబుతుంది. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ పోతోందని, తప్పు కార్బురేటర్‌లో ఉందని అనుమానించాలి. తెల్లపొగ ఆగకుండా వస్తూ రేడియేటర్లో నీళ్లు తగ్గుతుంటే హెడ్డు ప్యాకింగు పోయి ఉండవచ్చు. నీలిపొగ పొద్దున్నే స్టార్టు చేసినప్పుడు కాసేపు వచ్చి ఆగితే వాల్వు సీళ్లు గట్టిపడ్డాయి. ఎక్కువ రేసు ఇచ్చినప్పుడల్లా వస్తుంటే రింగులు అరిగాయి. దీన్ని కంప్రెషన్ పరీక్ష ఖాయం చేస్తుంది. వేడి ఇంజనుకు ప్లగ్గులన్నీ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో రంధ్రంలో గేజి బిగించి స్టార్టర్ తిప్పితే అంకె వస్తుంది. ఆ అంకె మాన్యువల్ చెప్పినదాని కంటే బాగా తక్కువైనా, సిలిండరుకూ సిలిండరుకూ తేడా ఎక్కువైనా లోపల జబ్బున్నట్టే. తక్కువ చూపించిన సిలిండర్లో ఓ చెంచా ఆయిలు పోసి మళ్లీ తిప్పాలి. అంకె పెరిగితే రింగుల లోపం, ఎందుకంటే ఆ ఆయిలు కాసేపు సందును మూస్తుంది. పెరగకపోతే వాల్వుల లోపం. అప్పుడు హెడ్డు దింపితే చాలు, ఇంజను మొత్తం దింపక్కర్లేదు.

దింపాలని తేలితే ముందుగా బ్యాటరీ వైరు తీయాలి, ఆయిలు, కూలెంటు వంపాలి. ప్రతి వైరుకూ, ప్రతి గొట్టానికీ చీటీ కట్టి ఫోటో తీసుకోవాలి. ఇది అనవసరమనిపించే పని, కానీ నెల తర్వాత బిగించేటప్పుడు ఇదే కాపాడుతుంది. బోల్టులను విడివిడి డబ్బాల్లో వేసి, ఏది ఎక్కడిదో డబ్బా మీదే రాయాలి. ఇంజనును చైన్ పుల్లీతో పైకి లేపేటప్పుడు రేకుల షెడ్డు పైకమ్మీని నమ్మకూడదు. బలమైన దూలమో, మూడుకాళ్ల ఇనుప స్టాండో కావాలి. వేలాడే ఇంజను కింద చెయ్యి పెట్టకూడదని ప్లాంటులో భద్రతా పాఠాలు విన్న ఊరికి వేరే చెప్పక్కర్లేదు.

హెడ్డు బోల్టులను చల్లటి ఇంజను మీద, చివరల నుంచి మధ్యకు, కొంచెం కొంచెంగా వదులు చెయ్యాలి. ఒక్కో బోల్టును ఒకేసారి పూర్తిగా తీసేస్తే అల్యూమినియం వంగుతుంది. పిస్టన్లు తీసేముందు బోరు పైఅంచున వేలు పెట్టి చూస్తే ఓ గట్టు తగులుతుంది. రింగు అందుకోని చోట మిగిలిన అరగని ఇనుము అది. దాన్ని తీసేయకుండా పిస్టన్ను బలంగా నెడితే రింగుల గాడులు విరుగుతాయి. కనెక్టింగ్ రాడ్డుకూ, దాని కింది టోపీకీ ఏ సిలిండరుదో గుర్తు వెయ్యాలి. ఈ జంట కలిపి కోసిన జంట, ఒకదాని టోపీ మరొకదానికి సరిపోదు. రాడ్డు బోల్టులకు రబ్బరు గొట్టం ముక్కలు తొడిగితే బయటికి తీసేటప్పుడు క్రాంకు మీద గీతలు పడవు.

కడగడానికి కిరసనాయిలు, బ్రష్షు చాలు. జిడ్డు మొండిదైతే కాస్టిక్ సోడా నీళ్లలో ఉడికిస్తారు, కానీ అది ఇనుప బ్లాకుకే. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి హెడ్డునూ పిస్టన్లనూ అందులో ముంచకూడదు. బ్లాకు లోపలి ఆయిలు దారులకు చివర్లలో ఉన్న మూతలు విప్పి, సన్నని బ్రష్షు దూర్చి, గాలి కొట్టి చూడాలి. ఆ దారుల్లో మిగిలిన ఓ ఇసుక రేణువు కొత్త బేరింగును గంటలో పాడుచేస్తుంది. నీళ్ల గదుల్లో ఎర్రటి తుప్పు, గట్టి పొరలు కనిపిస్తే ఇన్నాళ్లూ కూలెంటుకు బదులు కొళాయి నీళ్లు పోశారని అర్థం. మే నెలలో 45 డిగ్రీల దాకా వెళ్లే ఊళ్లో ఆ పొరలే హెడ్డు వేడెక్కడానికి సగం కారణం.

అన్నింటికంటే ఓపిక కావలసింది కొలవడంలో. బోరును బోర్ గేజితో పైన, మధ్యలో, కింద మూడు లోతుల్లో, ప్రతి లోతులోనూ కారు పొడవు వెంట ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలుస్తారు. సిలిండరుకు ఆరు కొలతలు, మూడింటికి పద్దెనిమిది. పైకీ కిందికీ తేడా ఉంటే అది వాలు. అటూ ఇటూ తేడా ఉంటే గుండ్రనిది కోలగా మారిందని. అరుగుదల ఎప్పుడూ పైభాగాన ఎక్కువ. పిస్టను పైకెళ్లి ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగే చోట ఆయిలు పొర పలచబడుతుంది, మంట ఒత్తిడేమో అక్కడే ఎక్కువ. పిస్టన్ను మాత్రం పైన కాదు, కింది పావడా దగ్గర, పిన్నుకు అడ్డంగా 50 నుంచి 75 మిల్లీమీటర్ల మైక్రోమీటరుతో కొలవాలి. ఈ రెండు కొలతల తేడాయే పిస్టను సందు. ఇంత చిన్న ఇంజన్లో అది మిల్లీమీటరులో నూరోవంతులు నాలుగైదు, అంటే మనిషి వెంట్రుక మందం కంటే తక్కువ. 130 మీటర్ల పొడవున ఒకే ముక్క రైలుపట్టా తీసే ఊళ్లో ఇంత సన్నని లెక్క వేసుకోవడం కాస్త నవ్వు తెప్పించినా, పట్టాకైనా పిస్టనుకైనా కొలతే ప్రాణం.

భిలాయి ఎండ ఇక్కడ నేరుగా లెక్కలోకి వస్తుంది. కొలతలకు ప్రపంచమంతా ప్రమాణంగా పెట్టుకున్నది 20 డిగ్రీలు. మే మధ్యాహ్నం షెడ్డులో 45 ఉందనుకుంటే తేడా 25 డిగ్రీలు. అంత వేడికి 68.5 మిల్లీమీటర్ల ఇనుప బోరు 0.019 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అంతే వ్యాసమున్న అల్యూమినియం పిస్టను దాదాపు రెట్టింపు, 0.036 మేర పెరుగుతుంది. అంటే రెండూ ఒకే వేడిలో ఉన్నా సందు 0.017 తక్కువ చూపిస్తుంది. ఉండాల్సిన సందే 0.04 అయినప్పుడు అది చిన్న తప్పు కాదు. బ్లాకు ఎండలో, పిస్టను ఇంట్లో పంకా కింద ఉంటే తప్పు రెండోవైపుకు తిరిగి, సందు ఎక్కువ చూపించవచ్చు. అందుకే అన్నీ ఒకేచోట రాత్రంతా ఉంచి తెల్లవారుజామున కొలవడం మంచిది. ఈ పనికి అసలైన కాలం డిసెంబరు, జనవరి. వానాకాలం కొలతలకు ఫరవాలేదు గానీ, కడిగి ఆయిలు రాయకుండా వదిలిన బోరు మర్నాటికల్లా తుప్పు పడుతుంది.

క్రాంకు షాఫ్టు జర్నళ్లను, అంటే బేరింగుల్లో తిరిగే గుండ్రటి భాగాలను, ముందు గోటితో చూస్తారు. గోరు తగిలేంత గీత ఉంటే గ్రైండింగు తప్పదు. నునుపుగా ఉంటే మైక్రోమీటరుతో గుండ్రదనం చూడాలి. పాత బేరింగు షెల్లులు కూడా చాలా చెబుతాయి. పై పూత పోయి రాగి రంగు బయటపడితే అవి అరిగిపోయినట్టు, ఒకే అంచున అరిగి ఉంటే రాడ్డు వంకర ఉన్నట్టు. కొత్త షెల్లులు వేశాక సందు కొలవడానికి ప్లాస్టిగేజ్ అనే సన్నని మైనపు దారం వాడతారు. దాన్ని జర్నలు మీద పెట్టి టోపీని లెక్క ప్రకారం బిగించి, తిప్పకుండా విప్పితే దారం అణిగి వెడల్పవుతుంది. దాని కాగితం మీదున్న గీతలతో పోలిస్తే సందు తెలుస్తుంది. నిజానికి నడిచే ఇంజన్లో షాఫ్టు బేరింగును తాకదు, పంపు తోసే ఆయిలు పొర మీద తేలుతుంది. సందు ఎక్కువైతే ఆ పొర నిలవదు, తక్కువైతే ఏర్పడదు.

ఇక లేత్ షాపు. ఇక్కడ వరస ముఖ్యం: ముందు పిస్టన్లు కొనాలి, వాటిని వెంట తీసుకెళ్లి వాటి కొలతకు బోరు కోయించాలి. ముందే కోసేసి తర్వాత పిస్టన్లు వెతకడం తలకిందుల పని. ఇలాంటి చిన్న ఇంజన్లకు సాధారణంగా 0.25, 0.50 మిల్లీమీటర్ల పెద్ద సైజులు దొరుకుతాయి. ఆ హద్దు దాటితే బోరులో స్లీవు దించుతారు. అదీ కుదరక వేరే బ్లాకు వేస్తే ఇంజను నంబరు మారుతుంది. ఆ నంబరు కారు ఆర్‌సీలో ఉంటుంది కనుక, సీజీ 07 బండి అయితే దుర్గ్ రవాణా కార్యాలయంలో మార్పు నమోదు చేయించుకోవాలి. సొంత బ్లాకునే కోయించుకుంటే ఆ తలనొప్పి లేదు.

కోసిన బోరుకు చివర హోనింగు రాయితో ఒకదాన్నొకటి కోసుకునే ఏటవాలు గీతలు పెడతారు. అద్దంలా నున్నగా ఉంటేనే మంచిదని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. ఆ గీతలు ఆయిలును పట్టి ఉంచుతాయి, కొత్త రింగులను కొద్దిగా అరగదీసి గోడకు అమరుస్తాయి. పోతినుములోని గ్రాఫైటు రేకులూ ఆయిలు నిలవడానికి తోడ్పడతాయి. ఉక్కుకు నిలయమైన ఊరిలో కూడా బ్లాకుకు ఉక్కును కాక పోతినుమును మెచ్చుకోవాల్సిన చోటు ఇదే. ఇంటికి తెచ్చిన బ్లాకును కిరసనాయిలుతో కడిగితే చాలదు. హోనింగు రాతిపొడి గీతల్లోనే ఇరుక్కుని ఉంటుంది. వేడినీళ్లు, బట్టల సబ్బు, బ్రష్షుతో రుద్ది, తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండేదాకా కడగాలి. ఆరగానే ఆయిలు పూయాలి.

హెడ్డు అడుగున ఉక్కు బద్ద ఆనించి, కింద 0.05 మిల్లీమీటర్ల ఫీలరు రేకు దూరుతోందేమో చూడాలి. దూరితే ఫేసింగు చేయించాలి, అంటే అడుగును యంత్రం మీద చదును చేయించాలి. వాల్వులు, సీట్లు బాగా గుంటలు పడితే యంత్రం మీద కోయిస్తారు, కొద్దిపాటివైతే ఇంట్లోనే రుద్దుకోవచ్చు. వాల్వుకు కాస్త కార్బొరండం పేస్టు రాసి, రబ్బరు బుడిపె ఉన్న కర్రను అంటించి, అరచేతుల మధ్య కవ్వంలా తిప్పాలి. చుట్టూ తెగకుండా బూడిదరంగు ఉంగరం పడితే అమరినట్టు. వాల్వులు బిగించి పోర్టుల్లో కిరసనాయిలు పోస్తే చుక్క కారకూడదు. అంబాసడర్ లాంటి పాత ఇంజన్లకు ఇంకో లెక్క ఉంది. ఒకప్పటి పెట్రోలులోని సీసం వాల్వు సీట్లకు మెత్తటి పొరగా పనిచేసేది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే వచ్చింది. అందుకే ఇనుప హెడ్డులో కోసిన సీట్ల స్థానంలో గట్టి సీట్లు దించడం మేలు. అలాగే ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత రబ్బరును ఉబ్బించి చీలుస్తుంది కాబట్టి ఇంజను దిగినప్పుడే పెట్రోలు గొట్టాలు, కార్బురేటర్ కిట్టు మార్చేస్తే మంచిది.

బిగింపులో తొందర పనికిరాదు. ప్రతి రింగునూ ముందు ఒంటరిగా బోరులో దించి, పిస్టనుతో సమంగా తోసి, కొసల మధ్య సందు చూడాలి. ఈ బోరుకు అది 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్ల చుట్టూ ఉండాలి. అసలే లేకపోతే వేడికి రింగు కొసలు ఢీకొని విరుగుతుంది. పిస్టను మీద బాణం ముందువైపుకు, రింగు మీద అక్షరం పైకి, మూడు రింగుల కొసలు ఒకే వరసలో లేకుండా చూడాలి. ప్రతి టోపీ బిగించాక క్రాంకును చేత్తో తిప్పి చూడటం అలవాటు చేసుకుంటే, పట్టేసిన చోటు అప్పటికప్పుడే దొరుకుతుంది. అన్నీ బిగించాక పట్టేస్తే మళ్లీ మొదటికి రావాలి. హెడ్డు బోల్టులు విప్పినప్పటికి తిరగేసి, మధ్య నుంచి చివరలకు, మూడు నాలుగు విడతల్లో టార్క్ రెంచితో బిగించాలి. మీటరు పొడవు కడ్డీ చివర ఎన్ని కిలోల బరువు వేలాడదీసినట్టో అదే కిలోగ్రామ్-మీటర్ల లెక్క. ఎంత అన్నది మాన్యువల్ చెబుతుంది, చెయ్యి అలవాటు కాదు. టైమింగ్ బెల్టు గుర్తులు సరిపెట్టి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాయో లేదో చూశాకే మూత వెయ్యాలి.

ఇంజను కారులో కూర్చున్నాక వెంటనే స్టార్టు చేయరు. ఇగ్నిషన్ కాయిల్ వైరు తీసేసి, ప్లగ్గులు లేకుండా స్టార్టరుతో ఆయిలు దీపం ఆరేదాకా తిప్పుతారు, ఆయిలు బేరింగులకు ముందే చేరాలని. మొదటి స్టార్టులో లీకులు, శబ్దాలు, వేడి ముల్లు చూసి ఆపి, చల్లారాక తగ్గిన మేరకు కూలెంటు మళ్లీ నింపాలి. ఆ తర్వాత ఇంటి ముందు గంటలకొద్దీ ఐడిల్లో ఉంచడం పాత నమ్మకమే గానీ మంచిది కాదు. రింగును గోడకు నొక్కేది దాని వెనక చేరే మంట ఒత్తిడే. బరువు లేని ఇంజన్లో ఆ ఒత్తిడి ఉండదు. గోడ రింగులు అమరకుండానే నున్నబడిపోతుంది. అందుకే రోడ్డు మీదికి తీసుకెళ్లి, వేగం పెంచుతూ, తగ్గిస్తూ, పూర్తి రేసు ఇవ్వకుండా నడపాలి. భిలాయి వాళ్లకు దుర్గ్ దాటి రాజనందగావ్ వైపు వెళ్లే జాతీయ రహదారి దీనికి సరిపోతుంది. దుర్గ్ నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. మొదటి 500 కిలోమీటర్లకే ఆయిలు, ఫిల్టరు మార్చాలి. వంపిన ఆయిలును తెల్ల పళ్లెంలో పోసి చూస్తే కొత్త రింగుల నుంచి రాలిన సన్నని వెండి మెరుపు కనిపించడం సహజం. రాగి రంగు రేకులు, గోటికి తగిలే ముక్కలు మాత్రం సహజం కాదు. వాల్వు సందులు మళ్లీ చూసి, 1,000 కిలోమీటర్ల దగ్గర కంప్రెషన్ గేజి పెట్టి, మూడు సిలిండర్ల అంకెలను విప్పకముందు రాసుకున్న పాత అంకెల పక్కనే రాస్తారు.